చేత్తో నడిపితే కనెక్ట్ అవుతుంది, క్రాన్‌లో ఓఆర్ఏ-12154: ఒరాకిల్ అసలు ఏ ఫైల్ చదువుతోంది?

మీరు అడిగింది ఇదీ: ఒరాకిల్ డేటాబేస్ పేర్లకి అడ్రస్‌లు రాసుకునే టీఎన్ఎస్‌నేమ్స్.ఓరా ఫైల్‌లో కొత్త ఎంట్రీ పెట్టారు. లాగిన్ అయ్యి చేత్తో నడిపితే స్క్రిప్ట్ కనెక్ట్ అవుతోంది. అదే స్క్రిప్ట్ రాత్రి క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కి పనుల్ని తనంతట తానే నడిపే షెడ్యూలర్) ఓఆర్ఏ-12154 ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. ఫైల్‌ని ఇప్పటికే నాలుగు ఫోల్డర్లలో కాపీ చేశానని కూడా రాశారు. దయచేసి ఐదో కాపీ చేయకండి. ఆ కాపీలే రేపు మిమ్మల్ని ఇంకా ఇబ్బంది పెడతాయి.

నేను బెంగళూరు వచ్చిన కొత్తలో, అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక ఆఫీసులో నైట్ షిఫ్ట్ డీబీఏగా (డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగం) ఉన్నప్పుడు, సరిగ్గా ఇదే ఎర్రర్‌తో ఒక రాత్రంతా గడిపాను. డేటాబేస్‌ని కొత్త సర్వర్‌కి మార్చాం. ఫైల్‌లో కొత్త పేరు చేర్చి, టీఎన్ఎస్‌పింగ్ (ఆ పేరుతో సర్వర్ అందుతోందా అని చూసే కమాండ్) కొడితే ఓకే వచ్చింది. రెండున్నరకి నడవాల్సిన జాబ్ మాత్రం 12154తో పడిపోయింది. బ్రాకెట్లు లెక్కపెట్టాను, స్పేస్‌లు తీశాను, ఎంట్రీ చెరిపి మళ్లీ టైప్ చేశాను. మళ్లీ అదే. పొద్దున ఆరింటికి రిపోర్టులు వెళ్లాలి కదా, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. పక్క టీమ్‌లో నెల్లూరు అన్న ఒకాయన వచ్చి స్క్రీన్ చూసి, "ఫైల్ బాగుందా లేదా అన్నది తర్వాత తమ్ముడూ. అది ఏ ఫైల్ తెరుస్తోందో ముందు చూడు" అన్నారు. అప్పటిదాకా ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

12154 అంటే మీరిచ్చిన పేరుకి అడ్రస్ దొరకలేదని. ఇది క్లయింట్ వైపు, నెట్‌వర్క్ గడప దాటకముందే వచ్చే ఎర్రర్. కాబట్టి ఫైర్‌వాల్ టీమ్‌కి టికెట్ వేయనక్కర్లేదు. 12541 వస్తే సర్వర్ దాకా వెళ్లాం గానీ ఆ పోర్ట్‌లో లిజనర్ (సర్వర్‌లో కనెక్షన్లు అందుకునే ప్రోగ్రామ్) లేదని అర్థం. 12514 వస్తే లిజనర్ ఉంది, ఆ సర్వీస్ పేరే దానికి తెలియదు. మీరింకా ఆ రెండిటి దాకా వెళ్లలేదు.

ఇక వెతికే వరుస. టీఎన్ఎస్_అడ్మిన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్‌లకి షెల్ అందించే సెట్టింగ్) ఉంటే ఒరాకిల్ ఆ ఫోల్డర్‌లోనే చూస్తుంది. డాక్యుమెంటేషన్ ప్రకారం అక్కడ ఫైల్ లేకపోతే ఇక లేనట్టే లెక్క. వేరియబుల్ లేకపోతే ఒరాకిల్ హోమ్ (ఒరాకిల్ సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోల్డర్) కింద నెట్‌వర్క్, దాని కింద అడ్మిన్ ఫోల్డర్. లినక్స్‌లో దీనికంటే ముందు ఈటీసీ ఫోల్డర్ కూడా చూస్తుంది. ఇవి కాక యూజర్ హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే టీఎన్ఎస్‌నేమ్స్ ఫైల్ ఉంటే అందులోని ఎంట్రీలకే మొదటి ప్రాధాన్యం. మామూలు ఎల్ఎస్‌కి అది కనపడదు, ఎల్ఎస్ మైనస్ ఏ కొట్టాలి. విండోస్‌లో టీఎన్ఎస్_అడ్మిన్ విలువ రిజిస్ట్రీలో కూడా ఉండొచ్చు. 21సీ డేటాబేస్ అయితే ఒరాకిల్ హోమ్ రీడ్-ఓన్లీ. అక్కడ ఒరాబేస్‌హోమ్ కమాండ్ చూపించే దారి కింద నెట్‌వర్క్/అడ్మిన్‌లో వెతకాలి.

మీ సమస్యకి అసలు కారణం దాదాపు ఖాయంగా క్రానే. మీరు లాగిన్ అయినప్పుడు బాష్ ప్రొఫైల్ (లాగిన్ అవగానే నడిచే సెట్టింగుల ఫైల్) చదివి టీఎన్ఎస్_అడ్మిన్ సెట్ అవుతుంది. క్రాన్ ఆ ప్రొఫైల్ జోలికి పోదు. హోమ్, షెల్, చిన్న పాత్, ఇలాంటివి కొన్నే ఇస్తుంది. ఆ రాత్రి మా స్క్రిప్ట్‌లో ఒరాకిల్ హోమ్ ఉంది కాబట్టి ఎస్‌క్యూఎల్‌ప్లస్ (ఒరాకిల్‌కి కనెక్ట్ అయ్యే కమాండ్ ప్రోగ్రామ్) లేచేది. టీఎన్ఎస్_అడ్మిన్ మాత్రం ప్రొఫైల్‌లోనే ఉండిపోయింది. దాంతో రాత్రి జాబ్ ఎవరూ ఏళ్లుగా ముట్టుకోని పాత క్లయింట్ హోమ్‌లోని ఫైల్ చదువుతోంది. అందులో కొత్త పేరు ఎలా ఉంటుంది?

ఇది ఊహించక్కర్లేదు, చూడొచ్చు. క్రాన్‌లో ఒక్క నిమిషం కోసం ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్నీ చూపించే ఎన్వ్ కమాండ్ పెట్టి అవుట్‌పుట్ ఒక ఫైల్‌లోకి మళ్లించండి. లాగిన్ అయ్యి కూడా అదే చేయండి. రెండిటినీ సార్ట్ చేసి, తేడాలు చూపించే డిఫ్ కమాండ్ కొట్టండి. ఆ అన్న నాకు తర్వాత చూపించింది ఎస్‌ట్రేస్, అంటే ప్రోగ్రామ్ ఏయే ఫైళ్లు తెరుస్తోందో చూపించే కమాండ్. క్రాన్ నుంచే ఎస్‌క్యూఎల్‌ప్లస్‌ని దాని కింద నడిపి, వచ్చిన వేల లైన్లలో టీఎన్ఎస్‌నేమ్స్ అనే మాటని గ్రెప్‌తో వెతికితే ఐదారు లైన్లు మిగిలాయి. ఒక్కో లైన్‌లో ఒక్కో దారి, కొన్నిటి చివర అలాంటి ఫైల్ లేదన్న మాట. ఆఖరి లైన్‌లో తెరుచుకున్న ఫైల్ దారి పాత క్లయింట్ హోమ్‌ది. మూడు గంటల నుంచి నేను దిద్దుతున్న ఫైల్ పేరు ఆ లైన్లలో ఎక్కడా లేదు.

టీఎన్ఎస్‌పింగ్ కూడా 'యూజ్‌డ్ పారామీటర్ ఫైల్స్' అని ఒక దారి చూపిస్తుంది. అది ఎస్‌క్యూఎల్‌నెట్.ఓరా (ఒరాకిల్ నెట్‌వర్క్ సెట్టింగుల ఫైల్) దారి. అక్కడ ఖాళీగా ఉంటే ఆ ఫైల్ దొరకలేదని. సరైన ఫైల్ చదువుతున్నా 12154 వస్తే ఇదే ఎస్‌క్యూఎల్‌నెట్ ఫైల్‌లో నేమ్స్.డిఫాల్ట్_డొమైన్ ఉందేమో చూడండి. ఉంటే మీ పేరు వెనక ఆ డొమైన్ తగిలించి వెతుకుతుంది. పాత సర్వర్లలో 'వరల్డ్' అని ఉండేది, దానివల్ల దెబ్బతిన్నవాళ్లు మారతహళ్లి పీజీల్లోనే నాకు ముగ్గురు తెలుసు. ఇక స్క్రిప్ట్ నుంచి జావా ప్రోగ్రామ్ నడుస్తుంటే, పాత థిన్ డ్రైవర్లు (ఒరాకిల్ క్లయింట్ లేకుండానే జావాని కనెక్ట్ చేసేవి) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని పట్టించుకోవు. ఒరాకిల్.నెట్.టీఎన్ఎస్_అడ్మిన్ అనే ప్రాపర్టీ విడిగా ఇవ్వాలి.

మీరు చేయాల్సిన మార్పు స్క్రిప్ట్ పైభాగంలో ఒక్క లైన్: టీఎన్ఎస్_అడ్మిన్‌ని పూర్తి దారితో ఎక్స్‌పోర్ట్ చేయడం. అది పనిచేశాక ఆ నాలుగు కాపీల్లో మూడింటిని పేరు మార్చి పక్కన పెట్టండి, వెంటనే చెరపకండి. వాటిని చదివే ఇంకో జాబ్ ఏదైనా ఉంటే రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది. అప్పటికీ ఎర్రర్ వస్తే ఆ డిఫ్ అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి. అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, ముందు తీసేయండి.