అనుకోకుండా ఆనర్స్ కాలేజీలో సీటు వచ్చింది, ఇంట్లో మాత్రం సంతోషం లేదు

ప్రశ్న: మేం న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. ఎక్కడా రాకపోతే ఇదైనా ఉంటుందని మా అమ్మాయి మా రాష్ట్ర యూనివర్సిటీ రట్గర్స్‌కి అప్లై చేస్తే, అడగకుండానే అక్కడి ఆనర్స్ కాలేజీలో (బాగా చదివే పిల్లల కోసం యూనివర్సిటీ లోపలే ఉండే ప్రత్యేక విభాగం) సీటు, స్కాలర్‌షిప్ వచ్చాయి. స్కాలర్‌షిప్ పోను ఏడాదికి 27 వేల డాలర్లవుతుంది. ఇలినాయ్ అర్బానా-షాంపేన్‌లో స్టాటిస్టిక్స్ (65 వేలు), పర్డ్యూలో డేటా సైన్స్ (42 వేలు) కూడా వచ్చాయి. ఇలినాయ్‌కి ర్యాంకు ఎక్కువ, చేరాక కంప్యూటర్ సైన్స్‌కి (సీఎస్) మారొచ్చంటున్నారు. హోమ్ ఈక్విటీ లోన్ తీసుకుందామా?

జవాబు: ఏటా ఏప్రిల్‌లో నాకు ఇదే ప్రశ్న వస్తుందండీ, కాలేజీల పేర్లు మాత్రం మారుతుంటాయి. అడిగేది ర్యాంకు గురించే, కానీ లోపలున్న బెంగ వేరు. ఇన్నేళ్లు కష్టపడి చదివి చివరికి ఇంటి పక్క కాలేజీయేనా, గుడిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి అని. ఆ బెంగ నాకు అర్థమవుతుంది, దానికోసం ఇల్లు తాకట్టు పెడతాననడమే అర్థం కావడం లేదు.

రట్గర్స్ ఆనర్స్ కాలేజీకి విడిగా అప్లికేషన్ ఉండదు. అప్లై చేసినవాళ్లలోంచి వాళ్లే ఎంచుకుంటారు, అంటే ఎవరో కూర్చుని మీ అమ్మాయి ఫైలు చదివి ఈ పిల్ల మాకు కావాలనుకున్నారు. మీరు అడగకుండా వచ్చింది కాబట్టి అది మీకు చులకనైంది.

ఇక సీఎస్‌కి మారడం. ఇలినాయ్‌లో వేరే మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) చేరి లోపలి నుంచి కంప్యూటర్ సైన్స్‌లోకి వెళ్లడం చాలా కష్టం, ఆ ఆశ మీద 65 వేలు కట్టొద్దు. నిజం చెప్పాలంటే నాకు ఈ సీఎస్ పరుగు మీదే అనుమానం. 2022 చివర్లో పెద్ద కంపెనీల్లో లేఆఫ్‌లు మొదలయ్యాక, మంచి మార్కులున్న పిల్లలు కూడా మొదటి ఉద్యోగం కోసం నెలల తరబడి తిరగడం చూశాను. పదేళ్ల కిందట మన బంధువుల అబ్బాయికి పనికొచ్చిన దారి ఇప్పుడూ అలాగే ఉంటుందని నేను చెప్పలేను. స్టాటిస్టిక్స్ మీద మీ అమ్మాయికి నిజంగా ఇష్టముంటే అది మంచి చదువే, రట్గర్స్‌లోనూ ఉంది. కానీ ఆ పిల్లకి ఏం ఇష్టమో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు! లోన్ వివరాలు రాయడానికి తీరిక దొరికింది, కూతుర్ని అడగడానికి దొరకలేదా?

లెక్క కూడా చూద్దాం. నాలుగేళ్లకి ఇలినాయ్‌తో తేడా లక్షన్నర డాలర్లు, పర్డ్యూతో 60 వేలు. పర్డ్యూ 2013 నుంచి చాలా ఏళ్లపాటు ట్యూషన్ పెంచలేదు, డేటా సైన్స్ మేజర్ నేరుగా వచ్చింది, కాబట్టి అమ్మాయి అదే కావాలంటే దాని గురించి ఆలోచించొచ్చు. ఇలినాయ్‌కి మాత్రం నా ఓటు లేదు.

ఆనర్స్ అన్న మాట చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, అది కూడా చెప్పాలి. జీపీఏ నిలబెట్టుకోవాలి, చివర్లో క్యాప్‌స్టోన్ (ఆఖరి ప్రాజెక్టు) చేయాలి. అంత పెద్ద యూనివర్సిటీలో మొదటి ఏడాదే చిన్న క్లాసులో ప్రొఫెసర్‌కి పేరు తెలియడం, అసలు లాభం అక్కడుంది. రీసెర్చ్ చేయాలంటే అరెస్టీ సెంటర్ ఉంది, అది ఆనర్స్ వాళ్లకే కాదు, రట్గర్స్‌లో అందరికీ. స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ ఉంటుందా, ఏ జీపీఏకి తగ్గితే పోతుంది అన్నది వాళ్లనే మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. మే 1 లోపు సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కట్టాలి, కాబట్టి ఈ వారమే అడగండి.

ఇంకొకటి, ఎడిసన్ నుంచి రట్గర్స్ ఉన్న న్యూ బ్రన్స్‌విక్ దగ్గరే కదా, రోజూ ఇంటి నుంచే వెళ్లొస్తుందని లెక్కేసుకోకండి. ఆనర్స్ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలు కాలేజీ అవెన్యూ క్యాంపస్‌లోని వాళ్ల హాస్టల్లోనే ఉంటారు. వెళ్లనివ్వండి. పప్పు తినాలనిపిస్తే శనివారం తనే వస్తుంది.