వెయ్యి కాపీలు, ఎంతవుతుంది?

పడమటి మాంబళం, చెన్నై

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

బొమ్మలు చూశాను. తాబేలు కళ్లు బాగా కుదిరాయి. ఇక అసలు సంగతికి వస్తాను. చైనాలో ముగ్గురు ప్రింటర్లను అడిగితే ముగ్గురూ మూడు ధరలు చెప్పారనీ, ఒకరిది ఇంకొకరిదాంట్లో సగమే ఉందనీ టెన్షన్ పడుతున్నావు. నువ్వు వాళ్లకు రాసిన మెయిల్ కూడా జత చేశావు కాబట్టి నా పని సులువైంది. "32 పేజీల పిల్లల పుస్తకం, కలర్, హార్డ్ కవర్, వెయ్యి కాపీలు. ఎంతవుతుంది?" పెళ్లికి వంటవాళ్లను పిలిచి, రెండొందల మందికి భోజనాలు, ఎంతవుతుంది అని అడిగినట్టుంది. ఒకాయన పప్పూ చారూ లెక్క వేస్తాడు, ఇంకొకాయన పూతరేకుల దాకా వెళ్తాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడినట్టు కాదు.

నేనూ మొదటిసారి అలాగే అడిగి, అన్నిటికంటే తక్కువ చెప్పిన ప్రెస్సుకే ఇచ్చాను. ఆ ధర ఫ్యాక్టరీ గేటు వరకేనని తర్వాత తెలిసింది. అక్కణ్ణుంచి రేవుకు చేర్చడం, కాగితాలు, ఓడ, ఇక్కడి ఖర్చులు అన్నీ నా నెత్తినే పడ్డాయి. పైగా కుట్టు బైండింగ్ అని నేను రాయలేదు, వాళ్లు జిగురుతో అంటించారు. స్నేహితురాలి మనవడు రెండు వారాల్లో పేజీలన్నీ ఊడదీసి గాలిపటాలు చేశాడు. వాణ్ణి ఏమంటాం?

కాబట్టి ఒక కాగితం మీద పుస్తకాన్ని పూర్తిగా వర్ణించు. కథలో ఊరిని వర్ణిస్తావు కదా, అంత శ్రద్ధగా. కొలతలు మిల్లీమీటర్లలో రాయి. నీది 210 × 210, చదరం కాబట్టి గొడవ లేదు. లేకపోతే ఏది అడ్డమో ఏది నిలువో కూడా చెప్పాలి. 32 పేజీల్లో ఎండ్ పేపర్లు (అట్టను పుస్తకానికి అంటించే మొదటి, చివరి కాగితాలు) కలిశాయా, వేరా అన్నది నీ మెయిల్లో లేదు. లోపలి కాగితం మన దగ్గర 130 లేదా 170 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములన్న లెక్క) ఆర్ట్ పేపర్ అంటాం. వాళ్ల దగ్గర మామూలుగా దొరికేవి 128, 157. అందుకని 157 అని రాయి, కంగారుపడకు. అట్ట రెండున్నర మిల్లీమీటర్లు, పైన మ్యాట్ లామినేషన్, కుట్టు బైండింగ్. టైటిల్‌కి మెరుపు కావాలంటే దాని ధర విడిగా అడుగు, తర్వాత తీసేసుకోవచ్చు.

ఇప్పుడు అసలైన లాభం చెబుతాను. బెంగళూరులో ఉన్నావు కదా, కన్నడంలో కూడా తెస్తానన్నావు. బొమ్మలు రెండింటికీ ఒకటే. కలర్ అచ్చుకు నీలం, గులాబీ, పసుపు, నలుపు అని నాలుగు ప్లేట్లుంటాయి. అక్షరాలన్నీ నలుపు ఒక్కదానిలోనే ఉంటే, బొమ్మల కోసం వేసిన మిగతా మూడు రంగుల ప్లేట్లూ అలాగే ఉంచి, నలుపు ప్లేటు మాత్రం మార్చి కన్నడ కాపీలు వేస్తారు. 1947లో ఈ ఊళ్లోనే తెలుగు, తమిళ చందమామలు మొదలైనప్పటి నుంచీ ఒకే బొమ్మల పక్కన వేరే భాషల అక్షరాలు చూస్తున్నవాళ్లం మనం. అందుకని ధర ఇలా అడుగు: తెలుగు 1000కి ఎంత, తెలుగు 1000తో పాటు నలుపు ప్లేటు మార్చి కన్నడం 500 వేస్తే ఎంత, పైన ప్రతి అదనపు 500కి ఎంత. కానీ తొమ్మిదో పేజీలో "ధబేల్" అన్న మాట ఎర్రగా పెట్టావు. అక్కడ మిగతా ప్లేట్లూ మారాలి, ఖర్చు పెరుగుతుంది. నీలం ఆకాశంలో తెల్లగా వదిలిన అక్షరాలదీ అదే కథ. ఆ ఎరుపు నాకిష్టమే, అయినా నలుపు చెయ్యమంటాను.

ఆ చైనా ప్రెస్సుల్లో తెలుగు చదివేవాళ్లు ఉండరన్నది మరిచిపోకు. ఫాంటు తేడా వచ్చి వత్తు పక్కకు జారినా ఎవరికీ తెలియదు. అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటుతో పని లేని బొమ్మగీతలుగా మార్చిన పీడీఎఫ్ ఇస్తానని రాసి, కాగితం మీద తీసిన ప్రూఫు, దాని కొరియర్ ధరలో కలిశాయా అని అడుగు. తెర మీద చూసిన రంగును నమ్మకు.

రవాణాకి రెండు ధరలు కావాలి: ఎఫ్‌ఓబీ షెన్‌జెన్ (అక్కడి రేవులో ఓడెక్కించే వరకు), సీఐఎఫ్ చెన్నై (ఓడ కిరాయి, బీమా కూడా కలిపి). పక్కనే ఇన్‌కోటర్మ్స్ 2020 (ఈ మాటలకు అర్థం చెప్పే అంతర్జాతీయ వ్యాపార నియమాలు) అని రాస్తే ఎవరి బాధ్యత ఎక్కడి వరకో వాదన ఉండదు. సీఐఎఫ్ చెన్నై అంటే మా రేవు దాకా, మీ ఇంటి దాకా కాదు. నీ పుస్తకం అట్టలతో కలిపి సుమారు 300 గ్రాములు తూగుతుంది, వెయ్యి కాపీలు 300 కిలోలు, పెట్టెలతో అర క్యూబిక్ మీటరు. ఇతరుల సరుకుతో కలిపి పంపేటప్పుడు మామూలుగా కనీసం ఒక క్యూబిక్ మీటరుకు డబ్బు కట్టించుకుంటారు. అంటే వెయ్యికైనా, పద్దెనిమిది వందలకైనా ఓడ ఖర్చు దాదాపు ఒకటే. కన్నడ కాపీలు కలపడానికి ఇదింకో కారణం. దిగుమతికి ఐఈసీ నంబరు (ఎగుమతి దిగుమతులు చేసేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే కోడ్) తీసుకోవాలి. 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద 5 శాతం సుంకం పెట్టారు. బొమ్మల పుస్తకానికి ఇప్పుడు ఏది వర్తిస్తుందో కస్టమ్స్ దగ్గర సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటును ముందే అడుగు.

ఉగాదికి తేవాలనుకుంటే చైనా కొత్త సంవత్సరం అడ్డొస్తుంది. జనవరి చివరా ఫిబ్రవరిలోనూ ప్రెస్సులు మూస్తారు. సరుకు దానికి ముందే ఓడెక్కాలి.

ఇదే కాగితం ఇక్కడి శివకాశి ప్రెస్సులకు కూడా పంపు. వట్టి అక్షరాల నవలైతే బయటికి వెళ్లడం శుద్ధ దండగ అనేదాన్ని. నీ పుస్తకానికి మాత్రం రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

కాగితం రాశాక ముందు నాకు చూపించు. అన్నట్టు, పదో పేజీలో తాబేలు "వస్తున్నా" అంటుంది, పన్నెండులో "వస్తున్నాను" అంటుంది. ఏదో ఒకటి చెయ్యి. ఫైలు వెళ్లాక ప్రతి మార్పుకీ డాలర్లలో బిల్లేస్తారు.

నీ
పిన్ని