ఒకటిన్నర ఎకరం లాన్‌కు 7 లక్షల ట్రాక్టర్ అవసరమా?

ప్రశ్న: మేమిద్దరం బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. మారతహళ్లిలో సొంత ఫ్లాట్ ఉంది. ఇద్దరి జీతం కలిపి నెలకు చేతికి 2.1 లక్షలు వస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐతో కలిపి ఖర్చు 1.25 లక్షలు. 2021లో చిక్కబళ్లాపుర దగ్గర మూడెకరాలు కొన్నాం. సగంలో మామిడి మొక్కలు పెట్టాం. మిగతా సగం ఇంటి చుట్టూ లాన్‌గా ఉంచాలని ఆశ. తోట చూసుకునే దంపతులు అక్కడే ఉంటారు. కానీ వానాకాలంలో గడ్డి మోకాలెత్తు పెరిగిపోతోంది. డీలర్ 24 హెచ్‌పీ ట్రాక్టర్, దాని వెనక తగిలించి గడ్డి నరికే ఐదడుగుల స్లాషర్ కలిపి 7 లక్షలు చెప్పాడు. 2 లక్షలు మేం కడితే మిగతా 5 లక్షలకు 12 శాతం వడ్డీతో ఐదేళ్ల లోన్ ఇప్పిస్తానంటున్నాడు. ఆఫీసులో ఒకాయన 42 అంగుళాల రైడ్ ఆన్ మోవర్ (మీద కూర్చుని నడిపే గడ్డి కోత మిషన్) 3.6 లక్షలకు వస్తుంది, అది చాలు అన్నారు. హిందూపురంలో వ్యవసాయం చేసిన మా మామగారు ట్రాక్టరే కొనమంటున్నారు. ఊళ్లో బాడుగ ట్రాక్టర్, స్లాషర్‌తో సహా గంటకు 1,200 తీసుకుంటారు. మా దగ్గర 9 లక్షల ఎఫ్‌డీ ఉంది. పాప రెండేళ్లలో కాలేజీకి వెళ్తుంది. ఎఫ్‌డీ తీసి ఏది కొనాలి? లోన్‌కు వెళ్లాలా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: 2020లో కర్ణాటక భూసంస్కరణల చట్టాన్ని సవరించాక వ్యవసాయ కుటుంబాలకు చెందనివాళ్లూ పొలం కొనగలుగుతున్నారు. అప్పటి నుంచి చిక్కబళ్లాపుర, దేవనహళ్లి, హొసకోటె వైపు పొలాలు కొన్న మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. పొలం కొనేటప్పుడు వేసిన లెక్కలో దాన్ని చూసుకునే ఖర్చు ఉండదు. మీరు కొనకముందే అడిగారు, చాలా మంచిది.

ముందు ఎఫ్‌డీ గురించి. ఇద్దరూ ఒకే రంగంలో ఉన్నారు. ఐటీలో ఉద్యోగాలు పోతే ఒకే సమయంలో ఇద్దరికీ ఇబ్బంది రావచ్చు. మీ నెల ఖర్చు 1.25 లక్షలు కాబట్టి ఆరు నెలలకు 7.5 లక్షలు పక్కన ఉండాలి. ఆ డబ్బును లేనట్టే లెక్కపెట్టుకోండి. 9 లక్షల్లో నుంచి అది తీసేస్తే మిగిలేది 1.5 లక్షలు. మిషన్ల కోసం మీరు ఖర్చు పెట్టగలిగింది అంతే. ఎఫ్‌డీ మొత్తం ఒకే బ్యాంకులో ఉంటే దాన్ని రెండు బ్యాంకుల్లో పెట్టుకోవడం కూడా ఆలోచించండి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకే వర్తిస్తుంది.

లోన్ కట్టగలరా అంటే కట్టగలరు. 5 లక్షలకు 12 శాతం, ఐదేళ్లు అంటే ఈఎంఐ సుమారు 11,120 రూపాయలు. నెలకు 85 వేలు మిగులుతున్న ఇంటికి అది భారం కాదు. మరి నాకెందుకు అభ్యంతరం? ఐదేళ్లలో వడ్డీగానే 1.67 లక్షలు పోతాయి. అంత కట్టి కొన్న ట్రాక్టర్‌కు మీ పొలంలో పని లేదు.

ఈ మాట కాస్త వివరంగా చెప్పాలి. ఎకరమంటే 40 గుంటలు, సుమారు 4,047 చదరపు మీటర్లు. ఐదడుగుల స్లాషర్ ఉన్న ట్రాక్టర్ గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో వెళ్తే, మలుపులు, ఒక వరసపై ఇంకో వరస పడటం తీసేసినా గంటలో ఎకరం కోస్తుంది. చెట్లు, గట్లు, బోరు గది చుట్టూ తిప్పాలి కాబట్టి మీ 60 గుంటలకు రెండు గంటలు అనుకుందాం. మీ వైపు మే వానలతో మొదలై నవంబరు దాకా గడ్డి పెరుగుతుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు దాదాపు ఆగిపోతుంది. పెరిగే కాలంలో వారం, పది రోజులకోసారి లెక్కన ఏడాదికి 24 కోతలు. అంటే మీ ట్రాక్టర్ ఏడాది మొత్తం మీద తిరిగేది 50 గంటలు కూడా కాదు. కొత్త ట్రాక్టర్‌కు మొదటి సర్వీసే సాధారణంగా 50 గంటలకు చేస్తారు.

ఇప్పుడు ఆ గంటల ధర చూద్దాం. పదేళ్ల తర్వాత 2.5 లక్షలకు అమ్ముడుపోతుందనుకుంటే ఏడాదికి 45 వేలు తరుగుదల. లోన్ వడ్డీని పదేళ్లకు పంచితే ఏడాదికి 17 వేలు. ఇన్సూరెన్స్, ఆయిల్, బ్యాటరీ, చిన్న రిపేర్లకు 15 వేలు వేశాను. మొత్తం 77 వేలు. దాన్ని 50తో భాగిస్తే గంటకు 1,540, అదీ డీజిల్ లేకుండా. ఊళ్లో బాడుగ ట్రాక్టర్ డీజిల్, డ్రైవర్‌తో కలిపి 1,200కే వస్తోంది. పైగా దాన్ని నిలపడానికి షెడ్డు కట్టక్కర్లేదు, ఎలుకలు వైర్లు కొరికాయన్న టెన్షన్ ఉండదు.

డబ్బు పక్కన పెట్టి పని వైపు నుంచి చూసినా ఇది కుదరదు. స్లాషర్ పొదలు, మోకాలెత్తు గడ్డి నరకడానికి పనికొస్తుంది. లాన్‌కు కావలసిన నునుపు దాని వల్ల రాదు. కోసిన గడ్డి వరసలుగా పడిపోయి కింద ఉన్న పచ్చికను మాడ్చేస్తుంది. ట్రాక్టర్ మీద లాన్ కోయాలంటే మూడు బ్లేడ్ల ఫినిష్ మోవర్ వేరే కొనాలి, లోతు గాట్ల వ్యవసాయ టైర్లు తీసి టర్ఫ్ టైర్లు వేయించాలి. లేకపోతే వానకు తడిసిన మీ ఎర్రనేలలో టైర్ల అచ్చులు దిగిపోతాయి, నేల గట్టిపడి నీళ్లు ఇంకవు.

మీ మామగారి మాటను మాత్రం తీసిపారేయకండి. ఆయన అనుభవం దుక్కి, రవాణా, పశువుల మేత, పక్క పొలాల పని అన్నీ ఉన్న వ్యవసాయం నుంచి వచ్చింది. అక్కడ ట్రాక్టర్ ఏడాదికి వందల గంటలు తిరుగుతుంది, తన అప్పు తానే తీర్చుకుంటుంది. రేపు మీరు పక్కనే ఇంకో ఏడెనిమిది ఎకరాలు తీసుకుని తోట పెంచితే, ఆయనే వచ్చి అక్కడ ఉండి చూసుకుంటే, నేనే ట్రాక్టర్ కొనమంటాను. అప్పుడు 20–30 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ చూడండి. మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్, మన బెంగళూరు కంపెనీ వీఎస్‌టీ ట్రాక్టర్లు ఈ తరగతిలో ఉన్నాయి. మామిడి వరసల మధ్య దూరే సన్న బండి కావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, కొటేషన్‌లో అది కనిపించాలి. సెకండ్‌హ్యాండ్ అయితే అవర్ మీటర్‌తో పాటు ఆర్‌సీలో పాత లోన్ తాకట్టు తొలగించారో లేదో చూడాలి. బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు.

రైడ్ ఆన్ మోవర్ సంగతి వేరు. లాన్ కోసమే తయారైన మిషన్ అది. 42 అంగుళాలది ఎకరాన్ని గంట పైచిలుకులో చక్కగా కోస్తుంది. ఎకరం పైన చదునైన, రాళ్లు లేని లాన్ నిజంగా ఉన్నవాళ్లకు అదే సరైనది. మీకు నేను వద్దనడానికి మూడు కారణాలున్నాయి. ధర మీ 1.5 లక్షలు దాటిపోతుంది. మీ ప్రాంతం గ్రానైట్ రాయి పైకి తేలే నేల, ఒక్క రాయి తగిలితే బ్లేడు, దాన్ని తిప్పే స్పిండిల్ రెండూ పోతాయి. మూడోది వాలు. ఈ మిషన్ల మాన్యువల్స్ చాలావాటిలో 15 డిగ్రీలు మించిన వాలు మీద నడపవద్దని ఉంటుంది. పది అడుగుల దూరానికి రెండున్నర అడుగులకు పైగా ఎత్తు పెరిగితే అంత వాలు వచ్చినట్టే. నంది కొండల చుట్టుపక్కల పొలాల్లో అలాంటి చోట్లు మామూలే. మిషన్ తిరగబడితే కింద పడేది మీ తోట చూసుకునే మనిషి.

అసలు ఖర్చు గురించి మీరు అడగలేదు, నేనే అడుగుతాను. 60 గుంటల లాన్‌కు నీళ్లెక్కడివి? ఎండాకాలంలో పచ్చిక పచ్చగా ఉండాలంటే రోజుకు సుమారు 4 మిల్లీమీటర్ల నీరు కావాలి. మీ ఒకటిన్నర ఎకరానికి అది రోజుకు 24 వేల లీటర్లు, అంటే 6,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. చిక్కబళ్లాపుర, కోలారు జిల్లాల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటి పోతున్నాయి. ఇక్కడి చెరువులు నింపడానికి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి పైపుల్లో తెచ్చే పరిస్థితి వచ్చింది. ఆ నేల మీద లాన్ కోసం రోజూ అంత నీరు తోడితే మీ మామిడి మొక్కల బోరే ముందు ఎండిపోతుంది. కొత్త బోరు వేయడానికయ్యే ఖర్చు ముందు ఈ మిషన్ల ధర చిన్నదనిపిస్తుంది. అందుకే మిషన్ ఎంచుకునే ముందు లాన్ ఎంత ఉండాలో తేల్చమంటున్నాను.

నా సలహా ఇది. ఇంటి చుట్టూ 15 గుంటలు, అంటే 16 వేల చదరపు అడుగుల పైన, నిజమైన లాన్‌గా ఉంచండి. పిల్లలు ఆడుకోవడానికి, పది కుటుంబాలు కూర్చుని భోజనం చేయడానికి అది చాలా పెద్ద చోటు. నీళ్లు రోజుకు 6,000 లీటర్లకు దిగుతాయి. మన గరికే పెంచితే ఎండాకాలంలో తగ్గించినా పర్వాలేదు, గోధుమ రంగుకు తిరిగి మొదటి వానకే చిగురిస్తుంది. మిగతా 45 గుంటల్లో నేలకు అలవాటైన గడ్డినే ఉండనివ్వండి. మీ జిల్లాలో పాడి లేని ఊరు అరుదు. పక్క రైతులను అడిగితే పచ్చిమేత కోసం వాళ్లే వచ్చి కోసుకెళ్తారు. అక్కడ గడ్డిమందు కొట్టకూడదు, అదొక్కటే షరతు. మేకలను మాత్రం మామిడి మొక్కలు ఎదిగేదాకా రానివ్వకండి. మేతకు పోగా మిగిలినదాన్ని ఏడాదికి ఐదుసార్లు బాడుగ ట్రాక్టర్‌తో స్లాషర్ కొట్టించండి. విడతకు రెండు గంటలు వేసుకున్నా ఏడాదికి 12 వేలు. హోబళి (కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగం) స్థాయిలో వ్యవసాయ యంత్రాలు అద్దెకిచ్చే కృషి యంత్రధారె కేంద్రాలున్నాయి. అక్కడి రేటు కూడా కనుక్కోండి.

15 గుంటలకు 21 అంగుళాల, తనంతట తాను కదిలే పెట్రోలు మోవర్ సరిపోతుంది. వెనక నడిచే మనిషికి గంటన్నర పని. దీనికి 80 వేలు, గట్లు, చెట్ల మొదళ్ల కోసం ఫోర్ స్ట్రోక్ బ్రష్ కట్టర్‌కు 25 వేలు పెట్టుకోండి. మొత్తం 1.05 లక్షలు, మీ పరిమితి లోపలే. ఐదేళ్లకు పంచితే ఏడాదికి 21 వేలు, సర్వీసు, పెట్రోలుకు 10 వేలు, బాడుగ 12 వేలు. అన్నీ కలిపి 43 వేలు. ట్రాక్టర్‌కు డీజిల్ లేకుండానే 77 వేలు వచ్చింది గుర్తుందిగా. తేడా 34 వేలు. నెలకు 2,800 చొప్పున పాప కాలేజీ కోసం రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. రెండేళ్ల దూరంలో ఉన్న ఫీజుకు షేర్ మార్కెట్ వైపు వెళ్లవద్దు.

కొనేముందు మిషన్ నడుస్తుండగా చూడండి. నవంబరు ప్రాంతంలో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకేలో జరిగే కృషి మేళాలో చిన్న ట్రాక్టర్ల నుంచి బ్రష్ కట్టర్ల దాకా ఒకేచోట ఉంటాయి. బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డు షాపుల్లో ధర తక్కువ చెప్పవచ్చు. కానీ బ్లేడు, బెల్టు, కార్బురేటర్ కిట్ స్టాకులో ఉన్నాయా, చిక్కబళ్లాపురకు మెకానిక్ వస్తాడా అన్నది అడిగి, జవాబు నచ్చాకే డబ్బు కట్టండి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. డిసెంబరులో ఆఖరి కోత అయ్యాక ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయించండి. అలాగే వదిలేస్తే మేలో మిషన్ స్టార్ట్ కాదు.

పన్ను గురించి ఒక మాట. సొంత ఇంటి లాన్ కోసం కొన్న మిషన్‌కు తరుగుదల గానీ, దాని లోన్ వడ్డీ గానీ మినహాయింపుగా రావు. మామిడి ఆదాయానికి పన్ను లేదు కదా, ఇదీ అందులో కలిపేయండి అని ఎవరైనా చెబితే వినకండి. ముందుముందు ఇంటిని ఫార్మ్ స్టేగా అద్దెకిచ్చి ఆ ఆదాయం వ్యాపారంగా చూపిస్తే అప్పుడు 15 శాతం తరుగుదల అడగవచ్చు. డీలర్ తెచ్చే లోన్ కాగితాల్లో పహణీ (పొలం రికార్డు) ఎందుకు అడుగుతున్నారో, పొలం తనఖా పెడుతున్నారో లేదో చదవకుండా ఎప్పుడూ సంతకం పెట్టవద్దు, ఈ లోన్ కాకపోయినా సరే.

ఇక మిషన్ నడిపేది మీరు కాదు, అక్కడుండే దంపతులు. మోవర్‌తో పాటే వాళ్లకు కాలు మూసే బూట్లు, కళ్లద్దాలు, బ్రష్ కట్టర్‌కు ముఖానికి వేసుకునే జాలీ కొనండి. కోతకు ముందు రాళ్లు ఏరాలని, పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదని చెప్పండి. వాళ్లిద్దరికీ బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేర్పించండి. 18 నుంచి 70 ఏళ్ల వారికి ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో 2 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. ఆ 40 రూపాయలు ప్రతి మే నెలలో మీరే వాళ్ల ఖాతాల్లో వేయండి. ప్రీమియం జూన్ 1కి ముందే ఖాతా నుంచి కట్ అవుతుంది, బ్యాలెన్స్ లేకపోతే పాలసీ ఆగిపోతుంది.