డాక్టర్ సలహా: డబ్బా మీద తేదీ దాటిపోయింది, తినవచ్చా?

ప్రశ్న: మాది సోంపేట. అమెరికాలో ఉన్న మా అబ్బాయి వచ్చినప్పుడల్లా ఓట్స్, బాదంపప్పు, ఆలివ్ నూనె, సూపు డబ్బాలు, చాక్లెట్లు తెచ్చి అలమర నింపి వెళతాడు. తినేది మేమిద్దరమే కాబట్టి చాలావరకు మిగిలిపోతాయి. మొన్న సర్దుతుంటే సగం తేదీ దాటినవే కనిపించాయి. ఇక్కడ కొన్న సేమియా, సెనగపిండి, వేరుశనగ గుళ్ళు కూడా అంతే. మా వారు పారేయనివ్వరు, పాడైనవి ఆవుకు పెడదామంటారు. కోడలేమో ఫోనులో ‘అన్నీ పారేయండి అత్తయ్యా’ అంటుంది. తేదీ దాటి రెండు నెలలైన సేమియాతో ఉప్మా చేసిన మర్నాడు మా వారికి విరేచనాలు పట్టుకుని రెండు రోజులకు తగ్గాయి. ఆయనకు 64 ఏళ్ళు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) 2.1 ఉంది. ఏవి ఉంచాలి, ఏవి పారేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ సేమియా మీద వేసిన నింద తీసేద్దాం. విరేచనాలు కలిగించే సూక్ష్మజీవులు పెరగాలంటే తేమ కావాలి. ఎండిన సేమియాలో అది ఉండదు. పైగా మరిగే నీళ్ళలో ఉడికించారు. నాకు అనుమానం వేరే వాటి మీద: ఆ రోజు తాగిన నీళ్ళు, ముందురోజు మిగిలిన కూర, బయట తిన్న పదార్థం, లేదా అదే ఉప్మా పొద్దున చేసి రాత్రి దాకా గట్టు మీద ఉంచడం. వండిన అన్నం, ఉప్మా, సేమియా లాంటివి గంటల తరబడి బయట ఉంటే వాటిలో ఒక రకం బాక్టీరియా పెరిగి విషపదార్థం విడుదల చేస్తుంది. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పూర్తిగా పోదు. ప్యాకెట్ మీది తేదీ చూసి భయపడే ఇళ్ళలోనే వండిన గిన్నె గురించి ఎవరూ పట్టించుకోకపోవడం నేను రోజూ చూస్తున్నదే.

ఇక తేదీల సంగతి. ‘బెస్ట్ బిఫోర్’ అని ఉంటే, ఆ రోజు వరకు రుచి, వాసన, కరకర అన్నీ బాగుంటాయని తయారీదారు చెబుతున్నట్టు. ఆ తర్వాత నాణ్యత తగ్గవచ్చు, కానీ తినడానికి పనికిరాదని అర్థం కాదు. ‘యూజ్ బై’ లేదా ‘ఎక్స్‌పైరీ’ అని ఉంటే ఆ తేదీ దాటాక తినకండి. మన దేశంలో 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం ఈ రెండో రకం తేదీ ముద్రించడం తప్పనిసరి, మొదటిది ఐచ్ఛికం. అది దాటిన సరుకును దుకాణదారు అమ్మకూడదు కూడా. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ పసిపిల్లల పాలపొడికి తప్ప మరే ఆహారానికీ కేంద్ర చట్టం తేదీని తప్పనిసరి చేయలేదు, మిగతావి చాలావరకు నాణ్యత గురించి కంపెనీలు వేసుకునేవే. ఇంకొక చిక్కు ఉంది. వాళ్ళు నెల ముందు రాసి, తర్వాత రోజు రాస్తారు. 03/08 అని ఉంటే మార్చి 8 అన్నమాట. మీరు ఆగస్టు 3 అనుకుని ఇంకా గడువుందని సంబరపడతారు.

ఏ తేదీ అయినా సీలు విప్పని ప్యాకెట్టుకు, చల్లగా, పొడిగా ఉన్న చోటుకు మాత్రమే వర్తిస్తుంది. సముద్రపు గాలి తగిలే మీ శ్రీకాకుళం తీరపు ఉద్దానంలో వేసవి ఉక్కపోతకు, వర్షాకాలపు తేమకు ప్యాకెట్టు విప్పిన మర్నాటి నుంచే లెక్క మారిపోతుంది. విప్పిన రోజును డబ్బా మీద రాసి పెట్టుకోండి, అచ్చువేసిన తేదీ కన్నా అదే ఎక్కువ ఉపయోగం.

పంచదార, ఉప్పు, తేనె సరిగా మూతపెడితే ఏళ్ళ తరబడి ఉంటాయి. తేనె గడ్డకట్టినా పాడైనట్టు కాదు, కాకపోతే ఏడాది నిండని పిల్లలకు ఎంత తాజా తేనైనా పెట్టకూడదు. చాక్లెట్ మీద తెల్లటి పొర వేడికి కొవ్వు పైకి తేలి ఏర్పడింది, దాంతో హాని లేదు. రవ్వలో, బియ్యంలో ముక్కపురుగు విషం కాదు. కొద్దిగా ఉంటే జల్లించి, ఎండబెట్టి వాడుకోవచ్చు. గుంపులుగా ఉండి వాసన వస్తుంటే పారేయండి.

నూనె ఉన్న వాటితో జాగ్రత్త. బాదం, జీడిపప్పు, ఆలివ్ నూనె, సెనగపిండి, చోడి (రాగి) పిండి, గంటెల (సజ్జ) పిండి గాలి తగిలితే ముక్కిపోతాయి. గంటెల పిండి అయితే కొద్ది రోజులకు మించి ఆగదు. ముక్కిన వాసన వచ్చినా, నాలుకకు చేదు తగిలినా తినకండి. వెంటనే ప్రమాదం ఏమీ జరగకపోయినా, అలాంటి నూనెను ఒంట్లోకి పంపి లాభం లేదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మీ వేరుశనగ గుళ్ళు. తేమ తగిలి బూజు పడితే వాటిలో అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, దీర్ఘకాలం తింటే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. 1974లో గుజరాత్, రాజస్థాన్‌లలోని గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. ఈ విషానికి రంగు, రుచి ఉండవు, వాసన చూసి పట్టుకోలేం. వేయించినా, ఎండబెట్టినా పూర్తిగా పోదు. గుళ్ళు ముడుచుకుని, నల్లబడి, పచ్చటి బూజుతో కనిపిస్తే మంచివి ఏరుకోవాలనే ఆలోచన మానుకుని డబ్బా మొత్తం పారేయండి. తేదీ ఎంత ముందున్నా సరే. మీ వారితో ఒకమాట చెప్పండి: బూజు పట్టినవి ఆవుకు పెడితే ఆ విషం మారిన రూపంలో పాలలోకి వస్తుంది. పుణ్యం కోసం పెట్టింది మళ్ళీ మీ కాఫీలోకే చేరుతుంది.

సూపు డబ్బాలు ఉబ్బినా, కారుతున్నా, అంచు కుట్టు దగ్గర లోతుగా నొక్కుకుపోయినా, తెరవగానే చిమ్మినా రుచి చూడకుండానే పారేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ ప్రాంతాన్ని ఎంత అతలాకుతలం చేసిందో మీకు నేను చెప్పాలా! అలాంటప్పుడు వరద నీరు తగిలిన కాగితపు, ప్లాస్టిక్ ప్యాకెట్లకు తేదీ చూడనక్కర్లేదు, లోపలి సరుకు పనికిరాదు. ఇంకా, ఆ అలమరలోనే మాత్రలు కూడా పెట్టి ఉంటే వేరుచేయండి. మందులకు గడువు దాటాక మినహాయింపు లేదు.

ఇప్పుడు మీ వారి సంగతి. ఉద్దానంలో కిడ్నీ బలహీనత ఎంత ఇంటింటి వ్యవహారమో తెలిసిందే. క్రియాటినిన్ 2.1 ఉన్న మనిషి విషయంలో తేదీ కన్నా డబ్బా వెనక ఉప్పును సూచించే సోడియం అంకె ముందు చదవాలి. సూపు డబ్బాలో ఉప్పు చాలా ఎక్కువ. రోజుకు మొత్తం 5 గ్రాములకు మించకూడదనే ఉప్పులో పెద్ద భాగం ఒక్క గిన్నెలోనే వెళ్ళిపోతుంది. గడువు లోపు ఉన్నా ఆయనకు వద్దు. బాదంలో పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ. రక్త పరీక్ష చూసిన డాక్టరు ఎన్ని తినవచ్చో చెప్పేదాకా ఆపండి. ఈసారి అబ్బాయి ప్రొటీన్ పొడి తెస్తే అది కూడా అంతే.

విరేచనాలు మళ్ళీ పట్టుకుంటే రెండు రోజులు ఎదురుచూడకండి. ఒంట్లో నీరు తగ్గితే మొదట దెబ్బతినేది కిడ్నీలే. మూత్రం తగ్గినా, నిలబడితే కళ్ళు తిరిగినా, మలంలో రక్తం పడినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఓఆర్ఎస్‌లో పొటాషియం ఉంటుంది కాబట్టి ఆయనకు ఎంత ఇవ్వాలో మీ డాక్టరును ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. ఒళ్ళు నొప్పులకు దుకాణంలో దొరికే నొప్పి మాత్రలు ఇవ్వకండి. విరేచనాలు వచ్చి తగ్గాయి కాబట్టి ఈ వారంలో క్రియాటినిన్, పొటాషియం ఒకసారి చూపించండి. పాత రిపోర్టు కూడా వెంట తీసుకెళ్ళండి.