స్టైల్‌గా ఉందని హాఫ్ హెల్మెట్ కొనవచ్చా?

వద్దండి. బండి మీంచి పడితే గడ్డం, దవడ కూడా నేలకు తగలొచ్చు. ఫుల్ ఫేస్ అయితేనే వాటికి అడ్డు ఉంటుంది.

దెబ్బను ఎక్కువగా పీల్చుకునేది పైన మెరిసే గుల్ల కాదు, లోపల థర్మోకోల్‌లా ఉండే పొర. అది నలిగి తలకు తగిలే అదురును తగ్గిస్తుంది. నలిగింది మళ్లీ కోలుకోదు. అందుకే ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి.

2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, దాంతో పాటు హెల్మెట్ల ప్రమాణం నంబరైన ఐఎస్ 4151 అని ఉందో లేదో చూడండి. బుగ్గలు కాస్త నొక్కుకునేంత బిగువుగా ఉండాలి. పట్టీ పెట్టుకుని వెనక నుంచి పైకి తోస్తే ఊడి రాకూడదు. ఇవి కుదిరాక రంగు, గ్రాఫిక్స్ మీ ఇష్టం. రాత్రి ప్రయాణాలుంటే మాత్రం నల్ల వైజర్ (ముఖం ముందుండే అద్దం) వద్దు.