మీ అమ్మకు 'పని ఉంది', తమ్ముడు 'నిరుద్యోగి కాదు' అని ఎందుకు రాసుకున్నారంటే

మీ ఇంటికొచ్చిన సర్వే ఆయన అమ్మకు పని ఉన్నట్టూ, ఖాళీగా ఉన్న తమ్ముడు నిరుద్యోగి కానట్టూ ఎందుకు రాసుకున్నాడని అడిగారు కదా. ఆయన తప్పు రాసుకోలేదండి, లెక్క పద్ధతే అలాంటిది. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మీ అమ్మగారు తోతాపురి సీజన్‌లో రెండు నెలలు పనికెళ్తారన్నారు కదా. ఎవరికి పని ఉంది, ఎవరికి లేదని కేంద్రం లెక్కతీసే సర్వే ఇది, పేరు పీఎల్ఎఫ్ఎస్. 2017లో మొదలైన ఈ సర్వేలో ఏడాది లెక్క ఒకటి, వారం లెక్క ఒకటి. ఏడాది లెక్కలో 30 రోజులు పనిచేసినా అనుబంధంగా పని ఉన్నట్టే. వారం లెక్కలో గత 7 రోజుల్లో ఏదో ఒకరోజు గంటసేపు చేసినా చాలు! డిసెంబరులో వచ్చి అడిగుంటే, వారం లెక్కలో ఆమె ఇంట్లో ఉన్నట్టే రాసుకునేవాళ్లు. జీతం లేకుండా ఇంటి అంగట్లో కూర్చున్నా పనే. నాకైతే ఆ గంట నిబంధన మింగుడుపడదు గానీ, ప్రపంచమంతా వాడే కొలత అదే.

ఇక తిరుపతిలో గ్రూప్-2 చదువుకుంటున్న మీ తమ్ముడు. "ఇప్పుడు పని దొరికితే చేరతావా?" అంటే "లేదు సార్, పరీక్ష అయ్యాకే" అన్నాడట. అక్కడే పోయింది. పని వెతుకుతూనో, దొరికితే చేరడానికి సిద్ధంగానో ఉంటేనే నిరుద్యోగి. పనిలో ఉన్నవాళ్లూ, ఈ నిరుద్యోగులూ కలిస్తే శ్రామిక శక్తి. రెండిట్లోనూ లేకపోతే దాని బయటే.

శాతం కట్టేది కూడా ఆ శక్తి మీదే. పదిమందిలో నలుగురు పనిలో, ఒకడు వెతుకులాటలో, ఐదుగురు రెండిట్లోనూ లేరనుకోండి. నిరుద్యోగం 10 శాతం కాదు; శ్రామిక శక్తిలోని ఐదుగురిలో ఒకడు, అంటే 20 శాతం. మీ తమ్ముడు ఆ ఒకడిలోనూ లేడు, ఆ ఐదుగురిలోనూ లేడు.

పేపర్లో అంకె చూసినప్పుడు అది వారం లెక్కా, ఏడాది లెక్కా అని ముందు చూడండి. 2025 నుంచి నెలనెలా వస్తున్నది వారం లెక్క.