ఏడాదికి రెండు నెలలే వాడే కట్టెల ఫైర్‌ప్లేస్‌కు చిమ్నీ క్లీనింగ్ అవసరమా?

శంకర్‌పల్లి దగ్గర ఫామ్‌హౌస్‌లో కట్టెల ఫైర్‌ప్లేస్ ఇన్సర్ట్ (గోడలో అమర్చే, గాజు తలుపున్న ఇనుప పొయ్యి) పెట్టించామని, డిసెంబరు, జనవరి నెలల్లో తప్ప వెలిగించమని, అయినా గాజు తలుపు నల్లబడుతోందని, అప్పుడప్పుడు పొగ గదిలోకి వస్తోందని రాశారు. ఇంత తక్కువ వాడకానికి చిమ్నీ క్లీనింగ్ అక్కర్లేదని ఎవరో చెప్పారట. దయచేసి ఆ మాట నమ్మకండి. వికారాబాద్ వైపు మా తోట ఇంట్లోనూ ఇలాంటిదే ఉంది, దాని పని మొత్తం నేనే చూసుకుంటాను. నేను చూసినంతలో మన హైదరాబాద్ చుట్టుపక్కల చిమ్నీ పాడయ్యేది ఎక్కువ వాడినందుకు కాదండి. మంటను సగంలో అణిచిపెట్టడం వల్ల, ఆ తర్వాత పది నెలలు దాని ముఖం చూడకపోవడం వల్ల.

మన చలి ఎంతని? రాత్రిపూట పది, పన్నెండు డిగ్రీలు. ఇన్సర్ట్ బాగా అంటుకుంటే కాసేపటికే గది వేడెక్కిపోతుంది. అప్పుడు చాలామంది గాలి లీవర్ (పొయ్యిలోకి వెళ్లే గాలిని తగ్గించే మీట) మూసేస్తారు. మంట అణిగిపోయి కట్టె కుములుతుంది. సరిగా కాలని పొగ నెమ్మదిగా పైకి పోతూ, చల్లగా ఉన్న గొట్టానికి తగిలి అక్కడే గడ్డకడుతుంది. దీన్నే క్రియోసోట్ అంటారు. గొట్టంలో పొగ వేడి సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే ఇది జోరుగా పేరుకుంటుంది. మొదట్లో పొడి మసి, బ్రష్ తగిలితే రాలిపోతుంది. తర్వాత పెళుసైన నల్లని పెచ్చులు. అప్పుడూ వదిలేస్తే తారు పూసినట్టు నిగనిగలాడే పొర. అది మామూలు బ్రష్‌కు లొంగదు, అంటుకుందంటే లోపలి వేడి 1,000 డిగ్రీలు దాటగలదు. మీ గాజు నల్లబడటం కూడా ఈ జబ్బుకే గుర్తు. గాజు మీద పడుతున్నదే పైన గొట్టంలోనూ పడుతోంది.

అందుకని చలి తక్కువగా ఉంటే కట్టెలు తక్కువ వేయండి, గాలి మాత్రం తగ్గించకండి. సన్నగా చీల్చిన రెండు మూడు కట్టెలు, లీవర్ తెరిచి, మంట పసుపు రంగులో ఎగిసేలా కాలనివ్వండి. గది వేడెక్కితే దాన్ని అలాగే ఆరిపోనివ్వండి.

కట్టెల సంగతి ఇంకా ముఖ్యం. తుమ్మ, చింత, సరుగుడు, వేప, ఏదైనా ఫరవాలేదు, ఎండి ఉండాలి. తేమ 20 శాతం లోపు ఉండాలి. పచ్చి కట్టెలో ఇది 50 శాతం కూడా ఉంటుంది. రెండు సూదులున్న తేమ మీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పైన గుచ్చితే లాభం లేదు, కట్టెను అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద గుచ్చి చూడాలి. డిసెంబరులో అడితికి వెళ్తే వానల్లో నానిన సరుకు అంటగట్టే అవకాశం ఎక్కువ. నేను ఫిబ్రవరిలోనే కొని, చీల్పించి, ఇటుకల మీద గాలి ఆడేలా పేర్పిస్తాను. మన ఏప్రిల్, మే ఎండల కంటే మంచి డ్రయ్యర్ ఎక్కడా లేదు. జూన్ వానలకు ముందే షెడ్డు కిందికి చేర్చేయాలి. ప్లైవుడ్, రంగు వేసిన చెక్క, పాత ఫర్నిచర్ ముక్కలు మాత్రం అస్సలు వేయకండి, వాటి పొగ విషం.

ఇక గదిలోకి పొగ. చిమ్నీని అనుమానించే ముందు వంటింటి చిమ్నీ ఆన్‌లో ఉందేమో చూడండి. ఫామ్‌హౌస్‌లలో హాలు, వంటిల్లు కలిసే ఉంటాయి, కిటికీలు గట్టిగా మూసుకునే యూపీవీసీవి. వంటింటి ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంటే, ఆ లోటు తీరడానికి ఫైర్‌ప్లేస్ గొట్టంలోంచి గాలి పొగతో సహా కిందికి దిగుతుంది. మా ఇంట్లో ఆ ఫ్యాన్ ఆపి, ఒక కిటికీ కొంచెం తెరిస్తే సమస్య తీరిపోయింది. మేడ మీద గొట్టం పక్కనే ఓవర్‌హెడ్ ట్యాంక్ గానీ, మెట్ల గది గానీ ఉందా? గొట్టం కప్పు మీది నుంచి కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల్లో ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తు ఉండాలన్నది లెక్క. లేకపోతే గాలి అక్కడ సుడి తిరిగి పొగను లోపలికి నెడుతుంది.

క్లీనింగ్ ఎప్పుడంటే, సీజన్ అయిపోగానే, ఫిబ్రవరి చివర్లో. నవంబరు దాకా ఆగకండి. మసి వానాకాలపు తేమను పీల్చుకుని ఆమ్లంగా మారి గొట్టం లోపలి స్టీలు తొడుగును, అంటే లైనర్‌ను తినేస్తుంది, ఇల్లంతా కాలిన వాసన కూడా వస్తుంది. నవంబరులో చేయాల్సింది ఇంకొకటి, పావురాల తనిఖీ. జాలీ ఉన్న టోపీ లేకపోతే గొట్టంలో గూడు ఖాయం. జాలీ ఉన్నా మసితో మూసుకుపోయిందేమో టార్చ్ వేసి చూడాలి.

ఎవరిని పిలవాలి అన్నది మన దగ్గర అసలు చిక్కు. సిటీలో చిమ్నీ క్లీనింగ్ అంటే వంటింటి చిమ్నీ జిడ్డు తీసేవాళ్లే వస్తారు. వాళ్ల కెమికల్ దీనికి పనికిరాదు. నేను డ్రిల్లుకు తగిలించే వంగే రాడ్లు, నైలాన్ బ్రష్ తెప్పించుకుని కింది నుంచే చేస్తాను. స్టీలు లైనర్‌కు ఇనుప తీగల బ్రష్ వాడొద్దు, గీతలు పడతాయి. ముందు పొయ్యి పూర్తిగా చల్లారాలి. లోపల పైన అడ్డంగా ఉండే బాఫిల్ పలకలు మెల్లగా దించాలి, వర్మిక్యులైట్ అనే పెళుసు ఖనిజంతో చేసినవి అయితే చేతిలోనే విరుగుతాయి. తలుపుకు ప్లాస్టిక్ షీట్ అంటించి, చిన్న రంధ్రంలోంచి రాడ్డు పంపి, ఒక్కో రాడ్డు కలుపుతూ పైదాకా తిప్పాలి. రాలే మసి చప్పుడు మొదట జల్లుగా వినిపిస్తుంది, తర్వాత పలచబడుతుంది. ఆ చప్పుడు ఆగాక ఇంకో రెండుసార్లు తిప్పుతాను. పలకలు తిరిగి బిగించే ముందు వాటి మీద పడిన మసిని తీసేయాలి, లేకపోతే పొగదారి అక్కడే మూసుకుపోతుంది. గొట్టం లోపల మసి పొర ఎక్కడైనా 3 మిల్లీమీటర్లు దాటితే సీజన్ మధ్యలోనైనా ఆపి శుభ్రం చేయాలి.

తలుపు చుట్టూ ఉండే తాడు గాస్కెట్‌కు నోటు పరీక్ష చాలు. పది రూపాయల నోటు పెట్టి తలుపు మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే గాస్కెట్ మార్చాలి. గాజుకు తడి న్యూస్‌పేపర్‌ను బూడిదలో అద్ది రుద్దితే చాలు. తీసిన బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్లో బయట ఉంచండి, అడుగున నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది.

ఆ గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా పెట్టించండి, ఆ గ్యాస్‌కు రంగూ వాసనా ఉండవు. ఎప్పుడైనా గొట్టంలోంచి గాలి హోరులా చప్పుడు వస్తే లోపల అంటుకుందని అర్థం. తలుపు, గాలి లీవర్ మూసేసి, అందరినీ బయటికి తెచ్చి 101కి ఫోన్ చేయండి, నీళ్లు మాత్రం పోయకండి. ఈ సీజన్‌లో వెలిగించే ముందు ఒకసారి టార్చ్ వేసి గొట్టంలోకి చూడండి. నిగనిగలాడే పొర కనిపిస్తే, అది పూర్తిగా తీయించేదాకా అగ్గిపుల్ల గీయకండి.